పథకాలన్నీ ఉన్నా జబ్బులు అవే వాడల్లో ఎందుకు? పీహెచ్‌సీ డాక్టర్ చేతిలో ఏముంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఈ మధ్యే ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) మెడికల్ ఆఫీసర్‌గా చేరారు. మందులున్నాయి, 108 వస్తోంది, ఆరోగ్యశ్రీ ఉంది, ఓపీ బాగానే నడుస్తోంది. అయినా పక్షవాతంతో మంచాన పడేవాళ్లు, రక్తం లేక పాలిపోయిన గర్భిణులు, టీబీ తిరగబెట్టినవాళ్లు ఎప్పుడు చూసినా అవే రెండు మూడు వాడల నుంచి వస్తున్నారు. ఎందుకిలా అవుతోంది, దీనికి పీహెచ్‌సీ స్థాయిలో చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

ఉంది. అన్నీ మీ చేతిలో లేవు గానీ, మీరనుకుంటున్నదానికంటే ఎక్కువే ఉంది. మన వ్యవస్థ వచ్చినవాళ్లకు వైద్యం చేస్తుంది. రానివాళ్లు ఎవరో దానికి తెలియదు. మీరు చెప్తున్న తేడా చాలావరకు ఆ రానివాళ్లలోనే ఉంది. వాళ్ల పేర్లు రాసుకుని, ఎందుకు రావట్లేదో ఒక్కొక్కరి దగ్గర కనుక్కుని, ఆ కారణానికి తగ్గట్టు మీ పని వేళలూ చోటూ మార్చుకోవడం మీ మొదటి పని. కొత్త పథకం కోసమో కొత్త మెషిన్ కోసమో ఆగక్కర్లేదు.

నేను మైదానంలో పీహెచ్‌సీ, ఏజెన్సీలో, అంటే కొండల్లోని గిరిజన ప్రాంతంలో పీహెచ్‌సీ, ఆ తర్వాత జిల్లా ఆఫీసులో ప్రోగ్రామ్ ఆఫీసర్ పని చేసి రిటైరైనవాణ్ణి. అక్కడ చూసినవాటి నుంచే చెప్తాను.

బీపీతో మొదలుపెడతాను. ప్రస్తుతం మీ పరిధిలో అతి పెద్ద సమస్య అదేనని నా నమ్మకం. మిర్చి ఏరే సీజన్‌లో ఒక కూలి తల్లి రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్నే వంట చేసి, క్యారేజీ కట్టుకుని, ఏడింటికల్లా మేస్త్రీ ఆటోలో ఉండాలి. ఆటో తప్పితే ఆ రోజు కూలి పోయినట్టే. తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతుంది. మన ఓపీ తొమ్మిదింటికి మొదలై ఆమె ఇల్లు చేరేలోపే ముగుస్తుంది. మనం ఇచ్చే బీపీ మాత్రలు ఉచితమే, కానీ వాటిని తెచ్చుకోవాలంటే ఆమెకు ఒక రోజు కూలి, పైగా ఆటో ఛార్జీ. పదిహేను రోజులకే మాత్రలిచ్చి పంపితే నెలకు రెండు రోజుల కూలి. అదీ ఏ నొప్పీ లేని జబ్బుకి! ఆమె ఏం చేస్తుంది? తల తిరిగిన రోజు ఒక మాత్ర వేసుకుని మిగతావి పొదుపు చేసుకుంటుంది. మనం కేస్ షీట్‌లో ‘మందులు సరిగా వాడటం లేదు’ అని రాసుకుంటాం. ఆమె లెక్క ఆమెకు ఉంది, కాకపోతే ఆ లెక్కలో మన కాలమ్ లేదు.

మేం చేసింది పెద్ద విషయమేమీ కాదు. పీహెచ్‌సీ కింద పల్లెల్లో ఉండే ఒక సబ్ సెంటర్‌లో ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి జబ్బుల) రోజును సాయంత్రానికి మార్చి, ఆటోలు దిగే చోట, రేషన్ షాపు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాం. బీపీ అదుపులో ఉన్నవాళ్లకు నెల మందులు ఒకేసారి ఇచ్చాం. వేసవిలో ఉపాధి హామీ పని జరిగే చోటికే ఏఎన్‌ఎం (సబ్ సెంటర్ నర్సు) బీపీ మెషిన్ పట్టుకెళ్లింది. దాంతో మొదట కంటబడ్డది మగవాళ్లు. అప్పటిదాకా మా ఎన్‌సీడీ ఓపీ అంటే ముసలివాళ్లు, ఇంటి దగ్గరుండే ఆడవాళ్లు. నలభై, నలభై ఐదేళ్ల హమాలీలు, ట్రాక్టర్ డ్రైవర్లు మా రిజిస్టర్‌లో దాదాపు లేరు. పక్షవాతం వచ్చి ఇల్లు కూలిపోయేది ఆ వయసు మగవాడు పడిపోయినప్పుడే.

ఇది మన దేశం సమస్యే అనుకోకండి. బ్రిటన్‌లో వేల్స్ బొగ్గుగనుల ప్రాంతంలో గ్లిన్‌కారగ్ అనే పల్లెలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టర్ 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక మాట రాశారు. మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దొరుకుతుందని, వైద్యం మార్కెట్ చేతిలో ఉన్నచోట ఇది ఇంకా ఎక్కువని ఆయన పాయింట్. రాసి ఊరుకోలేదు. తన ఊళ్లో పెద్దవాళ్లందరి బీపీ చూడటం పెట్టుకున్నాడు. క్లినిక్‌కి రానివాళ్లను వెతుక్కుంటూ వెళ్లాడు. ఏళ్ల తర్వాత లెక్క చూస్తే అలాంటిదే అయిన పక్క ఊరికంటే ఆయన ఊళ్లో మరణాలు తక్కువ. ఆయన పెట్టుకున్నది కార్పొరేట్ ఆసుపత్రి కాదు, మనకున్నలాంటి పల్లె ప్రాక్టీసే.

ఇక ఆర్‌ఎంపీ, అంటే డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసే మనిషి సంగతి. మనవాళ్లు చాలామంది ‘జనానికి తెలివిలేదు, ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు’ అంటుంటారు. నాకు ఈ మాట అస్సలు నచ్చదు. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తాడు, డబ్బు లేకపోతే పంట చేతికొచ్చాక తీసుకుంటాడు, పేరు పెట్టి పలకరిస్తాడు. ఆ మూడూ మన దగ్గర లేవు. అలాగని ఆయన చేసేదాన్ని నేను సమర్థించడం లేదు. నీరసానికి గ్లూకోజ్ సీసాలు, జ్వరానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ మీద డైక్లోఫెనాక్ ఇచ్చి కిడ్నీలు పాడుచేసిన కేసులు నేను చూశాను. కానీ ఆయనతో గొడవ పెట్టుకుంటే పేషెంట్లు మీ దగ్గరికి రారు, ఇంకాస్త గుట్టుగా ఆయన దగ్గరికే పోతారు. నేనైతే పిలిచి కూర్చోబెట్టి మూడే విషయాలు అడిగేవాణ్ణి. రెండు వారాలు దాటిన దగ్గు, గర్భిణిలో కాళ్ల వాపు, బీపీ 160 దాటినవాళ్లు, ఈ ముగ్గురినీ మా దగ్గరికి పంపించు అని. అందరూ మాట నిలబెట్టుకోలేదు, కొందరు నిలబెట్టుకున్నారు.

సగటు అంకెలను నమ్మకండి. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు ప్రసూతి మరణాలు దేశంలో 97 ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. నిజంగా మంచి అంకెలే, వాటి వెనక ఏఎన్‌ఎంలు, ఆశాల చెమట చాలా ఉంది. కానీ ఆ 45లో పాడేరు కొండల మీది గూడేలూ విజయవాడ అపార్ట్‌మెంట్లూ కలిసే ఉంటాయి. సగటు బాగుందంటే వెనకబడ్డవాళ్లు బాగుపడ్డారని కాదు. పిల్లల ఎదుగుదల చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు సుమారు 36 శాతం. అదే అత్యంత పేద ఐదో వంతు ఇళ్లలో 46 శాతం, అత్యంత కలిగిన ఐదో వంతు ఇళ్లలో 23 శాతం.

వైద్యం అవసరానికి మించి ఎక్కువైనా అసమానతే. అదే సర్వేలో తెలంగాణలో 60 శాతం పైన కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటులోనైతే 80 శాతం దాటాయి. అవసరం లేని తల్లికి ముహూర్తం చూసి కోత పెడతారు. నిజంగా అవసరమైన తల్లి డోలీలో కొండ దిగుతూ ఉంటుంది.

ఇప్పుడు మనవాళ్లు మాట్లాడటానికి ఇబ్బంది పడే విషయం. ఇదంతా పేదరికం వల్లే, కులం ఎక్కడిది అంటారు. ఉత్తర, మధ్య, తూర్పు భారతంలోని తొమ్మిది రాష్ట్రాల సర్వే సమాచారంతో 2022లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. సవర్ణ హిందువులకంటే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువని తేలింది. ఆ తేడాలో సగం కూడా ఆస్తిపాస్తుల తేడాతో వివరించలేకపోయారు. ఆ తొమ్మిదిలో మన రాష్ట్రాలు లేవు. మరి మన దగ్గర ఎలా ఉంటుందంటే, నేను చూసినదే చెప్తాను. ఒక ఊళ్లో టీకాల రోజు ఏళ్ల తరబడి ఒక పెద్దాయన ఇంటి అరుగు మీదే జరిగేది. నీడ ఉంది, ఫ్యాన్ ఉంది, ఆయన కాఫీ కూడా ఇప్పించేవారు. ఎస్సీ కాలనీ తల్లులు రాకపోతే ‘వాళ్లకు శ్రద్ధ లేదు’ అని సిబ్బంది మాట. సెషన్‌ని స్కూలుకు మార్చమన్నాను. అదే కాలనీ తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. వాళ్లను ఎవరూ ఎప్పుడూ రావద్దనలేదు. అరుగు ఎక్కొచ్చా లేదా అని తేల్చుకోవాల్సిన పరిస్థితిలోకి వాళ్లు అసలు వెళ్లదలచుకోలేదు, అంతే. మీ పరిధిలో టీకాలు ఎక్కడ వేస్తున్నారు, ఆశా ఏ వాడ మనిషి, ఆమె ఏ ఇంట్లోకి వెళ్తుంది, ఏ ఇంటి బయట నిలబడి పిలుస్తుంది, ఒకసారి ఆమె వెంట నడిచి చూడండి. రిజిస్టర్‌లో ఇది కనపడదు.

టీబీ గురించి. టీబీ మందుల్ని మనం బాగానే ఇస్తాం. ఆ మాత్రలు మింగేవాడి కడుపులో ఏముందో అడగం. జార్ఖండ్‌లో రేషన్స్ అనే పేరుతో ఒక ట్రయల్ జరిగింది, 2023లో ఫలితాలొచ్చాయి. టీబీ పేషెంట్ ఇంట్లోవాళ్లకు మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. కొత్త మందు కాదు, బియ్యమూ పప్పూ! పేషెంట్‌కు తిండి కోసం నిక్షయ్ పోషణ్ పథకం కింద 2018 నుంచి నెలకు 500 ఇచ్చేవారు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. మంచిదే. కానీ ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి, ఆధార్ లింక్ అయ్యుండాలి, పడే నాటికి ట్రీట్‌మెంట్ సగమైపోతుంది. మీరు చేయగలిగింది ఏమిటంటే ప్రతి టీబీ పేషెంట్‌ను మొదటి రెండు నెలల్లో తప్పనిసరిగా తూకం వేయండి. బరువు పెరగనివాడు మీ లిస్టులో పైన ఉండాలి. ఆ ఇంటి రేషన్ కార్డులో అందరి పేర్లూ ఉన్నాయా అని మీరే ఒక ఫోన్ కొట్టండి. డాక్టర్ ఫోన్ చేస్తే తహసీల్దార్ ఆఫీసులో పని కదులుతుంది. ఆ పలుకుబడిని వాడుకోవడంలో తప్పేం లేదు.

నీళ్లు కూడా ఇంతే, కాకపోతే అది మీ చేతిలో తక్కువ. నల్గొండలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగినవాళ్లను ఏ ఆర్థోపెడిక్ సర్జనూ బాగుచేయలేకపోయాడు. కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వచ్చాకే తర్వాతి తరం పిల్లల కాళ్లు తిన్నగా పెరిగే అవకాశం వచ్చింది. వంగిపోయినవాళ్లు అలాగే ఉన్నారు, వాళ్లకు నీళ్లు ఆలస్యంగా అందాయి. శ్రీకాకుళం ఉద్దానంలో పరిస్థితి ఇంకా చిక్కు. అక్కడ ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, దాంతోపాటే హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభించారు. డయాలసిస్ దగ్గరికొచ్చింది, అది చాలా పెద్ద ఊరట. కానీ జీడితోటలో, కొబ్బరితోటలో ఎండకు పనిచేసే మనిషి, కిడ్నీ దెబ్బతింటోందని రక్తపరీక్షలో చూపే క్రియాటినిన్ పెరిగే దశలోనే దొరకాలంటే మళ్లీ మనం మాట్లాడుకున్న చోటికే రావాలి. అతను రోజంతా తోటలో ఉంటాడు.

ఏజెన్సీలో పనిచేస్తే ఇంకో లెక్క తెలుస్తుంది. కొండ ప్రాంతంలో 20,000 జనాభాకు ఒక పీహెచ్‌సీ, 3,000కు ఒక సబ్ సెంటర్ అని నిబంధన. మైదానంలో అది 30,000, 5,000. తక్కువ జనాభాకే ఇస్తున్నాం కదా అంటారు. ఆ మూడు వేల మంది ఎన్ని గూడేల్లో, ఎన్ని గెడ్డలకు (కొండవాగులకు) అవతల ఉన్నారన్నది అసలు ప్రశ్న. వానాకాలంలో గెడ్డ పొంగితే 108 ఇవతలే ఆగిపోతుంది. దీనికి దొరికిన మంచి జవాబుల్లో కాన్పుకు ముందే గర్భిణుల్ని కిందికి తెచ్చి ఉంచే వసతి గృహాలు ఒకటి. పార్వతీపురం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) సాలూరులో పెట్టినది చాలామందికి తెలుసు. అయితే ఒక హెచ్చరిక. బిల్డింగ్ కట్టి మంచాలు వేస్తే నిండవు. ఆమె రావాలంటే ఇంట్లో ఉన్న ఇద్దరు పిల్లలు ఎక్కడ తినాలి, మేకల్ని ఎవరు కాయాలి, తోడొచ్చిన అత్తకు భోజనం పెడతారా, వీటికి జవాబుండాలి. పిల్లల్ని వెంట తెచ్చుకోనిచ్చి అందరికీ అన్నం పెట్టినచోట ఇవి నిండుతాయి, లేనిచోట తాళం పడుతుంది.

అసలు ఏ లెక్కలోనూ లేనివాళ్లు ఇంకొందరు. మీ పరిధిలో ఇటుక బట్టీలుంటే ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. భద్రాద్రి, ములుగు వైపైతే ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలు. వాళ్లలో చాలామందికి ఇక్కడ రేషన్ కార్డు ఉండదు, ఎస్టీ సర్టిఫికెట్ ఉండదు, ఓటు ఉండదు. టీకా వేయడానికి ఇవేవీ అక్కర్లేదని మీ సిబ్బందికి గట్టిగా చెప్పండి. టీకాల సెషన్ ప్లాన్‌లో బట్టీ పేరు రాయించండి. ఒడియా వచ్చిన మేస్త్రీ నంబర్ దగ్గర పెట్టుకోండి.

యాప్‌ల గురించి ఎక్కువ మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. ఒక్క ముక్క. సిగ్నల్ లేని గూడెం, ఫోన్‌లేని ముసలమ్మ, వేలిముద్రలు అరిగిపోయిన కూలి, ఈ ముగ్గురూ డ్యాష్‌బోర్డులో కనపడరు. కాబట్టి చేతిరాత లిస్టును వదలకండి.

ఇక మీ చేతిలో లేనివి కూడా ఒప్పుకోవాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 కల్లా ప్రభుత్వ ఆరోగ్య ఖర్చును జీడీపీలో 2.5 శాతానికి తెస్తామంది, తేలేదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి పేదవాడికి గుండె ఆపరేషన్ సాధ్యమైంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. 2023 చివర్లో పరిమితిని ఆంధ్రాలో 25 లక్షలకు, తెలంగాణలో 10 లక్షలకు పెంచారు. కానీ అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవాడి కోసం. నెలనెలా మందులకు, టెస్టులకు, ఆటోలకు పోయే డబ్బు వేరే. పడిపోయాక లక్షలు ఖర్చుపెట్టగలిగే వ్యవస్థ, పడిపోకుండా సాయంత్రం పూట ఒక నర్సును కూర్చోబెట్టడానికి వెనకాడుతుంది. ఆంధ్రాలో 2019లో ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు ఇచ్చే పద్ధతి తెచ్చారు. పేషెంట్ కూలిని వైద్యం ఖర్చులో భాగంగా ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. మామూలు బీపీ, షుగర్ పేషెంట్ విషయంలో కూడా అదే ఆలోచన రావాలి. అది మీరూ నేనూ నిర్ణయించేది కాదు.

మరి సోమవారం పొద్దున ఏం చేయాలి? ఒక్క సబ్ సెంటర్ ఎంచుకోండి, అన్నీ వద్దు. ఆ పరిధిలోని వాడలు, గూడేలు, బట్టీలు, రోడ్డు పక్క గుడిసెలు అన్నీ ఒక కాగితం మీద ఎడమవైపు రాయండి. కుడివైపు బీపీ ఫాలో అప్, టీకాలు, గర్భిణి నమోదు, టీబీ పరీక్షలు. పోయిన ఆరు నెలల రిజిస్టర్ చూసి ఏ వాడ నుంచి ఎంతమందో నింపండి. సున్నాలున్న గళ్లు చూడండి. సున్నా అంటే అక్కడ జబ్బు లేదని కాదు. ఆ వాడకు ఏఎన్‌ఎం, ఆశాతో కలిసి సాయంత్రం పూట మీరే వెళ్లండి. రండి అని పిలవకండి, ఎందుకు రాలేకపోతున్నారో అడగండి. కారణాలు వాడవాడకూ మారతాయి. ఒకచోట టైము, ఒకచోట దారి, ఒకచోట సిబ్బంది కసురుకోవడం. ఆ మూడోదానికి బడ్జెట్ అక్కర్లేదు, కానీ సరిచేయడం అన్నిటికంటే కష్టం.

చివరగా ఒక ప్రాక్టికల్ విషయం. రానివాళ్లను లెక్కలోకి తెస్తే మీ శాతాలు పడిపోతాయి. నిన్నటిదాకా వంద మందిలో తొంభై మందికి మందులిస్తున్నట్టు ఉంటుంది. కొత్తగా అరవై మంది బీపీవాళ్లు దొరికితే అదే తొంభై నూటఅరవైలో అవుతుంది. నెలవారీ రివ్యూ మీటింగ్‌లో మీ పీహెచ్‌సీ ఎర్ర రంగులో కనిపిస్తుంది, అందరి ముందూ నిలబెడతారు. అందుకని సర్వే మొదలుపెట్టకముందే మీ పై అధికారి డిప్యూటీ డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య ఉప అధికారి) గారికి రాతపూర్వకంగా చెప్పండి. ఫలానా సబ్ సెంటర్‌లో ఇంటింటి సర్వే చేస్తున్నాం, వచ్చే రెండు నెలలు కవరేజీ తగ్గినట్టు కనపడుతుంది, కారణం ఇది అని. కొత్తగా దొరికినవాళ్ల లిస్టు వాడలవారీగా జతచేయండి. కాపీ మీ దగ్గర ఉంచుకోండి.